రోజుకి ఒక్క మాల: ఇల్లూ ఆఫీసూ చూసుకుంటూనే నామజపం మొదలుపెట్టడం ఎలా

ఆరేళ్ల క్రితం నాన్నకి హార్ట్ ఆపరేషన్ జరుగుతున్న రోజు థియేటర్ బయట స్టీల్ కుర్చీలో ఐదు గంటలు కూర్చున్నా. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన స్తోత్రాలు చాలానే ఉన్నాయి, ఆ రోజు ఒక్కటీ రెండో లైను దాటలేదు, మొదలుపెడతా, తలుపు తెరుచుకుంటుంది, నర్సు బయటికొస్తుంది, అంతే మొత్తం పోతుంది. చివరికి నోట్లో మిగిలింది ఒక్క మాట, శ్రీరామ. అది నేను కావాలని ఎంచుకున్నది కూడా కాదు. మా నాయనమ్మ ఆవలింత వచ్చినా శ్రీరామ అనేది, నడుం వాల్చినా శ్రీరామ అనేది, నాకు తలంటి పోసి ఆఖరి చెంబు నీళ్లు చుట్టూ తిప్పి పోస్తూ శ్రీరామరక్ష అనేది, అది ఎప్పుడో లోపలికి పోయి కూర్చుంది, అవసరం పడ్డ రోజు అదే పైకొచ్చింది.

నాన్న కోలుకుని ఇంటికొచ్చాక నేను రోజూ జపం మొదలుపెట్టా, ఇప్పటిదాకా చేస్తున్నా. ఫ్రెండ్సూ చుట్టాలూ ఎలా చేయాలి, ఏ మంత్రం, ఎంతసేపు అని అడుగుతూనే ఉంటారు, అందుకే నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నా. అన్నిటికంటే ముందు ఒక్క మాట. కష్టం వచ్చిన రోజు కూర్చుని కొత్తగా మంత్రం నేర్చుకోలేం, చేతులు వణుకుతున్నప్పుడు ఏదీ తలకెక్కదు. మామూలు రోజుల్లో, ఏ గొడవా లేని రోజుల్లో దాన్ని నానబెట్టుకోవాలి. కింద చెప్పే ప్రతి స్టెప్పూ దానికోసమే.

ముందు మంత్రం తేల్చుకోండి

ఇక్కడే చాలామంది నెలలు నెలలు గడిపేస్తారు. యూట్యూబ్ లో ఒకాయన ఉద్యోగానికి ఇది అంటాడు, ఇంకొకాయన అప్పులు తీరడానికి అది అంటాడు, వారానికొకటి మారుస్తుంటారు. నేను చెప్పేది సింపుల్, మీ ఇంట్లో ఎప్పటి నుంచో వినపడుతున్న పేరు ఏదో అదే తీసుకోండి. శివుడి ఇల్లయితే ఓం నమః శివాయ, వెంకన్న ఇల్లయితే ఓం నమో నారాయణాయ లేదా ఒట్టి గోవిందా, అమ్మవారి ఇల్లయితే శ్రీమాత్రే నమః, ఏదీ తేలకపోతే శ్రీరామ. రెండక్షరాల రామ శబ్దంలో ఉన్న సుఖం ఏంటంటే పిల్లలు కూడా తప్పు లేకుండా పలుకుతారు, ఎంత కంగారులో ఉన్నా నాలుక తడబడదు. బోయవాడు మరా మరా అంటూ వాల్మీకి అయ్యాడని చిన్నప్పుడే విన్నాం కదా, తిరగేసి పలికినా రాముడే వచ్చే పేరు అది.

బీజాక్షరాలతో ఉండే మంత్రాలు, అంటే హ్రీం, క్లీం లాంటివి కలిసినవి మాత్రం ఫోన్ లో చూసి మొదలుపెట్టొద్దు, వాటికి ఉచ్చారణ, నియమాలు, గురువు దగ్గర ఉపదేశం అన్నీ ఉంటాయి. గాయత్రి కూడా ఉపదేశం తీసుకుని చేసేదే అని సంప్రదాయం. నామానికి అవేవీ అక్కర్లేదు. రామానుజుల కథ ఉంది కదా, గురువు రహస్యం అని చెప్పిన అష్టాక్షరిని, అంటే ఓం నమో నారాయణాయని, తిరుక్కోష్టియూర్ గుడి గోపురం ఎక్కి అందరికీ వినపడేలా చెప్పేశారని, నాకు నరకం వచ్చినా పర్లేదు వీళ్లందరికీ మేలు జరిగితే చాలన్నారని చెప్తారు. ఆ కథ గుర్తొస్తే నాకు ఇప్పటికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

మీది వేరే మతమైతే మీకున్నదే చేసుకోండి. మన తెలుగు కేథలిక్కులు రోజరీని జపమాల అనే పిలుస్తారు, ముస్లింలకి తస్బీహ్ ఉంది, పని ఒకటే.

ఒకసారి తేల్చుకున్నాక ఏడాది దాకా మార్చకండి. బావి తవ్వేవాడు ఒకేచోట తవ్వాలని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఎక్కడ, ఎప్పుడు, ఎలా కూర్చోవాలి

బ్రహ్మ ముహూర్తం మంచిదే, సూర్యోదయానికి గంటన్నర ముందు మొదలవుతుంది, ఆ టైంలో ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది, నిజమే. కానీ రాత్రి పన్నెండింటికి పడుకునేవాళ్లు నాలుగింటికి లేద్దామని అలారం పెట్టుకుని మూడు రోజులు చేసి నాలుగో రోజు మానేస్తారు. మీరు ఏ టైంలో ప్రతిరోజూ కచ్చితంగా దొరుకుతారో ఆ టైం పెట్టుకోండి. నాది పొద్దున స్నానం అయ్యి, కాఫీ తాగే ముందు. కాఫీ ముందు అని పెట్టుకోవడం వల్ల మర్చిపోవడం అనేది లేదు, కాఫీ ఎలాగూ మర్చిపోను కాబట్టి. మీకు కూడా రోజూ తప్పకుండా చేసే ఏదో ఒక పనికి ముందు దీన్ని కట్టేయండి.

చాప మీదో పీట మీదో బాసిపట్లు వేసుకుని కూర్చోండి, మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చోండి, పాదాలు నేల మీద ఆనాలి, వెన్ను నిటారుగా ఉండాలి, అంతే. మంచం మీద ఆనుకుని మాత్రం వద్దు, నిద్ర పట్టేస్తుంది. ఫోన్ వేరే గదిలో పెట్టండి. సైలెంట్ లో పెట్టి పక్కనే పెట్టుకుంటా అంటారు, పక్కనుంటే చెయ్యి పోతుంది.

మాల తిప్పడం

మాలలో 108 పూసలుంటాయి, పైన విడిగా ఒక పెద్ద పూస ఉంటుంది, దాన్ని మేరువు అంటారు. రాముడికీ విష్ణువుకీ తులసి మాల, శివుడికి రుద్రాక్ష అని అలవాటు, స్ఫటిక మాల ఎవరికైనా వాడతారు. ఖరీదైనది అక్కర్లేదు. కుడి చేతి మధ్య వేలి మీద మాల వేసుకుని బొటనవేలితో ఒక్కో పూస మీ వైపుకి లాక్కోవాలి, చూపుడు వేలు తగలకూడదంటారు. మేరువు దగ్గరికి వచ్చాక దాటి వెళ్లకూడదు, మాలని వెనక్కి తిప్పి వచ్చిన దారినే మళ్లీ మొదలుపెట్టాలి. కొత్తలో ఈ తిప్పడం దగ్గర అందరూ తికమకపడతారు, వారం రోజుల్లో వేళ్లకి అలవాటైపోతుంది. మాల నేలకి తగలకుండా, నలుగురి కళ్లలో పడకుండా ఉండటానికి గోముఖి అనే గుడ్డ సంచి దొరుకుతుంది, అందులో చెయ్యి పెట్టి తిప్పుకోవచ్చు.

108 తిప్పితే 100 గానే లెక్క, ఆ ఎనిమిదీ మధ్యలో జరిగిన తప్పులకి అంటారు పెద్దవాళ్లు. ఈ మాట నాకు చాలా నచ్చుతుంది, తప్పులు జరుగుతాయని ముందే ఒప్పుకుని దానికి చోటు పెట్టారు.

మాల లేనప్పుడు వేళ్ల కణుపులు చాలు. ఉంగరపు వేలి మధ్య కణుపు దగ్గర ఒకటి, దాని కింద కణుపు రెండు, అక్కణ్ణించి చిటికెన వేలి కింద నుంచి పైకి మూడు నాలుగు ఐదు, ఉంగరపు వేలి కొస ఆరు, మధ్య వేలి కొస ఏడు, చూపుడు వేలి కొస ఎనిమిది, అక్కణ్ణించి దిగుతూ తొమ్మిది, పది. మధ్య వేలి మీద మిగిలిన రెండు కణుపుల్ని మేరువు అనుకుని వదిలేస్తారు. ఒకసారి ఇప్పుడే చెయ్యి చాచి చేసి చూడండి, చదివితే కష్టంగా అనిపిస్తుంది కానీ చేస్తే నిమిషంలో వచ్చేస్తుంది. ఎడమ చేత్తో పదులు లెక్కపెట్టుకుంటే వంద దాకా సులువుగా వెళ్లొచ్చు. వేలికి పెట్టుకునే డిజిటల్ కౌంటర్లు కూడా వచ్చాయి, ప్రయాణాల్లో బాగుంటాయి, ఇంట్లో మాత్రం పూస తగిలే స్పర్శే నాకు ఇష్టం, మనసు ఎటో పోయినా వేలు పూసని పట్టుకునే ఉంటుంది కదా.

అసలు పని: పైకి, పెదాలతో, మనసులో

జపం మూడు రకాలని చెప్తారు. పైకి వినపడేలా చేసేది వాచికం, పెదాలు కదులుతూ మనకి మాత్రమే వినపడేది ఉపాంశువు, పెదాలు కూడా కదలకుండా లోపల నడిచేది మానసికం. ఒకదాని కంటే ఒకటి గొప్పదని శాస్త్రాల్లో ఉంది, అది విని అందరూ మొదటిరోజే మానసికం చేద్దామని కూర్చుంటారు, పది నామాల తర్వాత మనసులో ఆఫీసు మెయిల్ నడుస్తుంటుంది, నామం ఎప్పుడు ఆగిందో కూడా తెలీదు. కాబట్టి మొదటి రెండు వారాలు పైకి అనండి, పక్క గదిలోకి వినపడక్కర్లేదు, మీ చెవికి వినపడితే చాలు. తర్వాత గొంతు తగ్గించి పెదాల మీదకి తెచ్చుకోండి, అక్కడ కనీసం ఒకటి రెండు నెలలు ఉండండి. మనసులోకి అదే వెళ్తుంది, మనం తొయ్యక్కర్లేదు. ఇప్పటికీ మనసు బాగా చెదిరిన రోజు నేను పైకి అనడానికే వచ్చేస్తా, వెనక్కి పోయినట్టేం కాదు.

స్పీడు గురించి చెప్పాలి. లెక్క కోసం పరిగెత్తితే రామ కాస్తా ర్మ ర్మ అయిపోతుంది. ప్రతి అక్షరం మీ చెవికి విడివిడిగా తెలియాలి. ఓం నమః శివాయ అయితే ఊపిరి వదులుతూ నెమ్మదిగా ఒకసారి అనండి, ఊపిరి తీసుకునేటప్పుడు ఊరుకోండి. అలా నిమిషానికి ఆరుసార్లు వస్తే ఒక మాలకి 18 నిమిషాలు పడుతుంది. అంత టైం లేకపోతే ఒక ఊపిరిలో రెండుసార్లు అనుకోండి, తొమ్మిది నిమిషాలు. ఊపిరిని బలవంతంగా లాగొద్దు, బిగపట్టొద్దు, ఎంత పొడుగు వస్తే అంతే.

ఇంక మనసు పారిపోవడం. అందరూ ఆగిపోయేది ఇక్కడే, నాకు ఏకాగ్రత లేదండీ జపం నావల్ల కాదు అని మానేస్తారు. మనసు పోతుంది, అందరికీ పోతుంది. పోయిందని తెలిసిన క్షణం ఉంది చూశారా, గ్యాస్ బుక్ చేయాలి అన్న ఆలోచన మధ్యలో అరె నేను జపంలో కదా ఉన్నా అని గుర్తొచ్చే క్షణం, అదే అభ్యాసం. అప్పుడు తిట్టుకోకుండా ఆ పూస నుంచే మళ్లీ మొదలుపెట్టడం, అంతే చేయాల్సింది. ఒక మాలలో ముప్పైసార్లు పోతే ముప్పైసార్లు వెనక్కి తెచ్చారన్నమాట. జిమ్ములో డంబెల్ ఎత్తిన ప్రతిసారీ కిందకి దించుతాం, మళ్లీ ఎత్తుతాం, దించాం కాబట్టి ఫెయిల్ అయ్యామని ఎవరూ అనుకోరు కదా.

అర్థం కూడా కాస్త తోడుండాలి. జపం అంటే శబ్దాన్ని తిప్పడం ఒక్కటే కాదు, దాని అర్థాన్ని భావించడం కూడా అని పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదంలోనే చెప్పాడు. నమః అన్నప్పుడు ఇది నాది కాదు అని ఒక్క క్షణం వదిలిపెట్టి చూడండి, భుజాలు వాటంతటవే కిందకి దిగుతాయి. కునికిపాట్లు వస్తుంటే కళ్లు సగం తెరిచి దీపం వైపు చూస్తూ చేయండి, అప్పటికీ పోకపోతే లేచి నడుస్తూ చేయండి. మాల అయ్యాక వెంటనే లేవకండి. ఒక్క రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి, ఏమీ అనకుండా, ఆ నిశ్శబ్దం రుచి చూడండి. గుడిలో గంట కొట్టాక మోత మెల్లగా తగ్గుతుంది చూడండి, అలాగే ఉంటుంది అది. తొందర్లో ఉన్నవాళ్లు దీన్నే వదిలేస్తారు, నన్నడిగితే మాలలో యాభై తగ్గించినా పర్లేదు కానీ ఈ రెండు నిమిషాలు వదలొద్దు.

నలభై రోజులు

మండలం పెట్టుకోండి, 40 రోజులు, కొందరు 41 అంటారు, కొందరు 48. రోజుకి ఒక్క మాల. ఊపు మీద ఉన్నా పది మాలలు చేయొద్దు, బద్ధకంగా ఉన్నా సున్నా చేయొద్దు. మొదటి వారం కొత్తగా ఉంటుంది కాబట్టి హుషారుగా నడిచిపోతుంది, రెండు మూడు వారాల్లో బోర్ కొడుతుంది, ఏమీ జరగట్లేదు అనిపిస్తుంది, చిరాకు కూడా వస్తుంది. అప్పుడు ఆపకండి. నాకు ఇరవై ఆరో రోజో ఇరవై ఏడో రోజో కుక్కర్ దగ్గర నిలబడి ఉంటే నేను అనకుండానే లోపల నామం నడుస్తోందని గమనించా, చెయ్యి పోపు గింటె మీదే ఆగిపోయింది. ఒకరోజు తప్పితే మర్నాడు మామూలుగా ఒక్క మాలే చేయండి, నిన్నటిది కలిపి రెండు చేస్తా అని బాకీ పెట్టుకోవద్దు, బాకీలు పెరిగితే మనిషి ఆ పీట దగ్గరికే రాడు.

రోజు మధ్యలోకి తేవడం

పొద్దున పీట మీద పది నిమిషాలు సరే, మిగతా రోజంతా ఉంది కదా. అసలు లాభం అక్కడే. నేను ఉప్పల్ లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వెళ్తా, పొద్దున పూట నిలబడటానికే చోటుండదు, మాల తీసే ప్రశ్నే లేదు, కణుపుల మీద నామం నడుస్తుంది, ఇదివరకు అదే టైంలో రీల్స్ చూసేదాన్ని. పాలు పొంగే దాకా స్టవ్ దగ్గర నిలబడటం, లిఫ్టు కోసం చూడటం, సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు, పిల్లాడి స్కూల్ బస్సు కోసం గేటు దగ్గర నిలబడటం, ఇవన్నీ దానికి దొరికే చోట్లు. బండి నడుపుతూ మాత్రం కళ్లు మూసే జపం కాదు, రోడ్డు మీదే చూపు, నోట్లో నామం ఉంటే ఉండనీండి.

కోపం వచ్చినప్పుడు కూడా చేసి చూడండి. ఎవరికైనా ఘాటుగా మెసేజ్ టైప్ చేశారనుకోండి, సెండ్ నొక్కే ముందు పదకొండుసార్లు మీ మంత్రం అనుకోండి, తర్వాత కూడా పంపాలనిపిస్తే పంపండి. నేను సగం డిలీట్ చేసేస్తున్నా. రాత్రి పక్క మీద పడుకున్నాక లెక్కా మాలా ఏమీ లేకుండా ఊపిరితో పాటు నెమ్మదిగా అనుకుంటూ ఉంటే నిద్ర ఎప్పుడు పట్టిందో తెలీదు, మధ్యరాత్రి మెలకువ వచ్చినా ఫోన్ వైపు చెయ్యి పోకుండా నామం వైపు పోతుంది.

కూర్చోలేనివాళ్లకి, చెయ్యి ఏదో ఒక పని చేస్తేనే మనసు నిలబడేవాళ్లకి రామకోటి ఉంది, మన తెలుగువాళ్లకి ఇది పెద్ద ఆస్తి. గళ్ల పుస్తకాలు పూజా సామాన్ల షాపుల్లో దొరుకుతాయి, గడికో శ్రీరామ రాసుకుంటూ పోవడమే, నిండిన పుస్తకాలు భద్రాచలం తీసుకెళ్లి స్వామికి సమర్పిస్తారు. రోజుకి వెయ్యి రాస్తే కోటికి 27 ఏళ్లు దాటుతుంది, ఆ లెక్క చూసి భయపడొద్దు, రోజుకి ఒక పేజీ చాలు. రిటైరైన మా నాన్న ఇప్పుడు ఇదే చేస్తున్నారు, పేపర్ చదవడం అయ్యాక ఒక పేజీ. త్యాగయ్య గారు 96 కోట్ల రామనామం 21 ఏళ్లలో పూర్తి చేశారని చెప్తారు, అంటే రోజుకి లక్షా పాతిక వేలు. అది ఆయన దారి, మనకి పేజీ చాలు.

ఇంతకీ ఏం ఒరుగుతుంది

శాస్త్రం వైపు నుంచి కొన్ని మాత్రమే చెప్తా. హార్వర్డ్ డాక్టర్ హెర్బర్ట్ బెన్సన్ 1970లలో మంత్రధ్యానం చేసేవాళ్లని కొలిచి చూశాడు, ధ్యానంలో శరీరం ఆక్సిజన్ వాడకం తగ్గుతోందని తేలింది, దీనికి రిలాక్సేషన్ రెస్పాన్స్ అని పేరు పెట్టాడు. 2001లో ఇటలీలో డాక్టర్ బెర్నార్డి టీమ్ 23 మందితో ఒకసారి లాటిన్ రోజరీ, ఒకసారి ఓం మణి పద్మే హుం అనే బౌద్ధ మంత్రం చదివించింది, రెండిట్లోనూ ఊపిరి దానంతటదే నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి దిగింది, బీపీని సరిచూసే శరీర వ్యవస్థ ఇంకా చురుగ్గా స్పందించింది. పైన ఆరు లెక్క అందుకే చెప్పా. 2015లో ఇజ్రాయెల్ పరిశోధకులు ధ్యానం అలవాటు లేనివాళ్లతో ఒకే హీబ్రూ మాట లోపల అనిపిస్తూ స్కాన్ తీస్తే మెదడులో చాలా భాగాలు, ముఖ్యంగా ఊరికే ఆలోచనలు తిప్పే భాగాలు నెమ్మదించాయి. అమెరికాలో సైన్యంలో తగిలిన మానసిక గాయాలతో బాధపడుతున్న 173 మంది మాజీ సైనికుల మీద చేసి 2018లో ప్రచురించిన ట్రయల్ లో మంత్రం అనుకోవడం నేర్చుకున్నవాళ్లకి పీడకలల లాంటి బాధలూ నిద్రలేమీ ఇంకో రకం కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ల కంటే ఎక్కువ తగ్గాయి.

నాకు జరిగింది చెప్పమంటే, నిద్ర బాగుపడింది, పిల్లాడి మీద అరవడం తగ్గింది, ఏదైనా వార్త విన్నాక గుండె దడ ఇదివరకంత సేపు ఉండట్లేదు. జీతం పెరగలేదు, సమస్యలు పోలేదు, వాటి కోసం చేసేది కాదు ఇది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, బీపీ మాత్రలో, డిప్రెషన్ మందులో వాడేవాళ్లు జపం చేస్తున్నాం కదా అని వాటిని ఆపొద్దు. కళ్లు మూసుకుని కూర్చుంటే కంగారు తగ్గకపోగా పెరుగుతోందనిపిస్తే కళ్లు తెరిచి, నడుస్తూ, పైకి అంటూ చేయండి, అప్పటికీ అలాగే ఉంటే ఆపి డాక్టర్ తో మాట్లాడండి.

ఎక్కువగా అడిగేవి

మైల రోజుల్లో, నెలసరిలో చేయొచ్చా అని ఆడవాళ్లందరూ అడుగుతారు. నామానికి మైల లేదు అనేది మా నాయనమ్మ, మాల ముట్టుకోకుండా మనసులో అనుకునేది. నేనూ అంతే. మీ ఇంటి పద్ధతి వేరే అయితే అదే చేయండి కానీ లోపల నడిచే నామాన్ని ఎవరూ ఆపలేరు. నాన్ వెజ్ తింటే చేయకూడదా అంటారు, చేయండి, తినే పూట కాకుండా ఇంకో పూట పెట్టుకోండి మనసుకి ఇబ్బందిగా ఉంటే. పిల్లలకి నేర్పించాలా అంటే కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు, మీరు అంటుంటే వాళ్ల చెవిన పడుతుంది, నాకు పడినట్టే.

మాల తెగితే అశుభమా అని కూడా భయపడతారు. నాది మూడో ఏడు తెగింది, దారం అరిగిపోయింది అంతే, రోజూ వేళ్ల మధ్య రాసుకునే దారం ఎన్నాళ్లుంటుంది. పూసలన్నీ హాల్లో చెల్లాచెదురైతే మా అబ్బాయీ నేనూ మోకాళ్ల మీద పాకి ఏరాం, 107 దొరికాయి. మిగిలిన ఒక్కటి దసరాకి ఇల్లు దులుపుతుంటే ఫ్రిజ్ కింద కనపడింది. అప్పటిదాకా 107తోనే తిప్పా, చివర్లో ఒక నామం వేలి మీద అనుకుని. తర్వాత కొత్త పట్టు దారంతో అన్నీ మళ్లీ గుచ్చుకున్నా, పూస పూసకీ మధ్య ఒక ముడి వేస్తూ, ముడికో నామం అనుకుంటూ.